దమ్ము చేలో ట్రాక్టరు డ్రైవరు: సీటు, పెడళ్ళు, పాదాలకు చోటు

గోదావరి డెల్టాలో జూన్ నెలలో కాలువలకు నీరు వదలగానే దమ్ము పనులు ఒక్కసారిగా ఊపందుకుంటాయి. 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో నిర్మించిన ఆనకట్టతో ఈ కాలువల వ్యవస్థ ఏర్పడింది. ఎగువ చేలకు, శివారు చేలకు నీరు అందే సమయం వేరైనా నాట్లకు అదను మాత్రం కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో ఊరిలోని ట్రాక్టర్లు తెల్లవారకముందే చేలో దిగి, పొద్దు పోయిన తరువాత కూడా లైట్ల వెలుగులో తిరుగుతుంటాయి. సార్వా ముగిసి దాళ్వా మొదలయ్యేనాటికి అదే డ్రైవరు అదే సీటుపై మళ్ళీ కూర్చుంటాడు.

ట్రాక్టరు కొనేటప్పుడు అశ్వశక్తి, డీజిలు ఖర్చు, ఎత్తగలిగే బరువు, ధర, రాయితీ గురించి రైతు వివరంగా అడుగుతాడు. సీటు ఎవరి ఒంటికి సరిపోతుంది, క్లచ్ పెడలు ఎవరి కాలికి అందుతుంది అని అడిగేవారు అరుదు. మార్టేరు పరిశోధన స్థానం 1982లో స్వర్ణ (ఎం.టి.యు. 7029) ను విడుదల చేసింది. అటువంటి వంగడాలను ఏ నేలకు, ఏ నీటి వసతికి తగునో పరిశీలించిన తరువాతనే రైతుకు సిఫారసు చేయడం వ్యవసాయ పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. యంత్రాన్ని సిఫారసు చేసేటప్పుడు అది నడిపే మనిషికి తగునా అని చూడడం కూడా అంతే అవసరం. ఆ పరిశీలనకు పట్టే సమయం పది నిమిషాలే. దానిని విస్మరిస్తే నష్టపోయేది డ్రైవరు నడుము, కొన్ని సందర్భాల్లో ప్రాణం.

ట్రాక్టరుపై కూర్చునే తీరు

మన దేశంలో కార్లు, జీపులు కుడివైపు స్టీరింగుతో ఉంటాయి. ట్రాక్టరు డ్రైవరు మాత్రం వాహనం నడిమధ్యన, గేరుపెట్టెకు చెరోవైపున కాళ్ళు చాపి కూర్చుంటాడు. ఎడమ పాదం కింద క్లచ్, కుడి పాదం కింద రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. సీటు వెనుక ఇరుసుకు దాదాపు పైన, లేదా కొంచెం ముందు ఉంటుంది. సాధారణ ట్రాక్టరులో ఈ ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. కాబట్టి చక్రానికి తగిలిన దెబ్బ టైరు కొంత మింగగా మిగిలినదంతా సీటు దాకా వస్తుంది.

దమ్ము చేసేటప్పుడు కేజ్ వీల్స్ బురదలో తిరుగుతున్నంతసేపు పైకి కిందికి ఊగడం కంటే పక్కలకు ఊగడమే ఎక్కువగా తెలుస్తుంది. గట్టు దాటేటప్పుడు, గట్టి నేల ఎక్కేటప్పుడు మాత్రం దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. దీనికితోడు వెనుక నడుస్తున్న పనిముట్టును చూడడానికి డ్రైవరు మాటిమాటికీ నడుము తిప్పవలసి వస్తుంది. మెలి తిరిగి ఉన్న వెన్నుపై కుదుపు పడినప్పుడు కలిగే హాని, నిటారుగా ఉన్న వెన్నుపై పడినప్పటి కంటే ఎక్కువ.

సీటు కంపనాన్ని ఆపుతుందా, పెంచుతుందా?

కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనానికి సెకనుకు 4 నుండి 8 ఆవృత్తుల మధ్య అత్యంత సున్నితంగా స్పందిస్తుంది. ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణం ఈ పరిధికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. టైర్లపై ఊగే ట్రాక్టరు కంపనంలో అధిక భాగం ఈ పరిధిలోనో, దానికి కొంచెం దిగువనో ఉంటుంది. అందువల్ల సీటు పని అలంకారం కాదు, వడపోత.

స్ప్రింగు సీటుకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. వచ్చే కంపనం దానికి సుమారు 1.4 రెట్లు మించినప్పుడే సీటు దానిని తగ్గిస్తుంది. అంతకు తక్కువైతే తగ్గించకపోగా పెంచుతుంది. ఉదాహరణకు 80 కిలోల మనిషికి సరిచేసిన సీటు సహజ పౌనఃపున్యం 1.5 హెర్ట్జ్ అనుకుంటే, 2.1 హెర్ట్జ్ దాటిన కంపనాన్ని అది తగ్గించగలదు. అదే సీటుపై సర్దుబాటు మార్చకుండా 55 కిలోల డ్రైవరు కూర్చుంటే సహజ పౌనఃపున్యం 1.8 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. అప్పుడు సుమారు 2.6 హెర్ట్జ్ వరకు వచ్చే కంపనాలన్నీ అతని నడుముకు పెరిగి చేరతాయి. సీటు కింద లేదా వెనుక ఉండే బరువు సర్దుబాటు మరను తిప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇది. కొన్నేళ్ళు వాడిన ట్రాక్టర్లలో ఈ మర తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండడం, సీటు నురుగు అణగారిపోయి దానిపై మడిచిన గోనె సంచి వేసి ఉండడం తరచుగా కనిపించే దృశ్యం. గోనె సంచి మెత్తదనం కొంత ఇస్తుంది గాని కంపనాన్ని వడకట్టదు. పైగా సీటు ఎత్తును పెంచి పాదాన్ని పెడలుకు దూరం చేస్తుంది.

పని గంటల లెక్క కూడా ముఖ్యమే. ఐరోపా సమాజం 2002లో ఇచ్చిన 44వ ఆదేశం ప్రకారం, 8 గంటల పనికి సరిచూసిన కంపన త్వరణం సెకనుకు సెకనుకు 0.5 మీటర్లు చేరితే నివారణ చర్యలు మొదలుపెట్టాలి. 1.15 మీటర్లు దాటనివ్వరాదు. సీటుపై సగటున 0.8 కంపనం ఉన్నదనుకుంటే మూడు గంటలు దాటిన కొద్దిసేపటికే మొదటి హద్దు చేరుతుంది. అదే కంపనంలో 12 గంటలు పనిచేస్తే 8 గంటల లెక్కలో అది 0.98 అవుతుంది, అంటే రెండవ హద్దుకు చేరువ. దమ్ము రోజుల్లో ఒక ట్రాక్టరుకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలనడానికి ఈ లెక్కే ఆధారం.

పాదాలకు చోటు

నడుము నొప్పి నెమ్మదిగా వస్తుంది. పాదం తప్పితే ప్రమాదం క్షణంలో వస్తుంది. అయినా ట్రాక్టరు పాదస్థానం, అంటే పెడళ్ళ చుట్టూ పాదాలు ఆనించుకొనే చోటు, చర్చకు రావడం తక్కువ.

మొదటి అంశం క్లచ్. చిన్న మళ్ళలో మలుపులు ఎక్కువ కాబట్టి ఎడమ పాదానికి విశ్రాంతి తక్కువ. పెడలు పక్కన పాదం ఆనించే చోటు లేకపోతే డ్రైవరు దానిని పెడలుపైనే ఉంచుతాడు. ఆ స్థితిలో పిక్క, తొడ కండరాలు కదలకుండా బిగిసి ఉండి, రక్తప్రసరణ తగ్గి త్వరగా అలసిపోతాయి. హాఫ్ క్లచ్‌లో నడిచిన ప్లేటు కూడా త్వరగా అరిగిపోతుంది. మనిషికి హాని చేసేది యంత్రానికీ హాని చేస్తుందని రైతుకు చెప్పడానికి ఇది తేలికైన ఉదాహరణ.

రెండవది బ్రేకులు. దమ్ములో చివరి మలుపు తిప్పడానికి కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా వాడతారు. పని ముగించి రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్ళను కలిపే కొక్కెం వేయాలి. అది మరచి వేగంలో ఒక్క పెడలును తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది. డెల్టాలో అనేక రోడ్లు కాలువ గట్లపైనే ఉన్నాయి. ఆ పక్క కాలువ ఉంటే ఫలితం వేరే చెప్పనక్కరలేదు.

మూడవది దిగబడిన ట్రాక్టరు. వెనుక చక్రాలు తిరగలేక ఆగినప్పుడు ఇంజను బలం ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. చక్రానికి దుంగ కట్టి ముందుకు నడిపించే ప్రయత్నం అందుకే అత్యంత ప్రమాదకరం. ముందు చక్రాలు లేవడం మొదలైన ముప్పావు సెకనులోనే ట్రాక్టరు తిరిగి కిందకు రాలేని స్థితికి చేరవచ్చు. సుమారు ఒకటిన్నర సెకనులో పూర్తిగా వెనుకకు తిరగబడుతుంది. ఆ వ్యవధిలో డ్రైవరును కాపాడగలిగేది క్లచ్‌ను పూర్తిగా తొక్కే ఎడమ పాదం ఒక్కటే. ఆ పాదం బురదతో తడిసి, అరిగి నున్నబడిన పెడలుపై ఉన్నా, కింద తాడో, నీళ్ళ సీసానో అడ్డు పడినా అవకాశం చేజారుతుంది. దిగబడిన ట్రాక్టరును వెనుకకు నడిపి తీయడం, లేదా మరొక ట్రాక్టరుతో లాగించడం మేలు.

కుడివైపు స్టీరింగు జీపుల్లో ఎడమ పాదం

రంపచోడవరం, మారేడుమిల్లి ప్రాంతాల ఘాట్ రోడ్లపై, మట్టి దారులపై జీపుల్లో తిరిగే విస్తరణ సిబ్బందికి, డ్రైవర్లకు ఇదే సమస్య మరొక రూపంలో ఎదురవుతుంది. స్టీరింగు ఏ పక్కనున్నా పెడళ్ళ వరుస మారదు: ఎడమ నుండి క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు. స్టీరింగు ఎడమవైపున ఉన్న వాహనంలో క్లచ్ పాదానికి ఆవల చక్రం గూడు ఉంటుంది. కుడివైపు స్టీరింగు వాహనంలో అదే పాదానికి ఆవల గేరుపెట్టెను కప్పిన సొరంగం ఉంటుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందించే జీపులో గేరుపెట్టెకు ట్రాన్స్‌ఫర్ కేసు కూడా తోడవుతుంది గనుక సొరంగం వెడల్పుగా ఉండి ఎడమ పాదానికి చోటు తగ్గుతుంది. కుడి పాదం వైపు చక్రం గూడు లోపలికి చొచ్చుకొని వస్తే పెడళ్ళు సీటు మధ్యరేఖ నుండి ఎడమకు జరుగుతాయి. అప్పుడు డ్రైవరు నడుము కొద్దిగా మెలి తిరిగే కూర్చోవాలి. కొత్త వాహనం ఎంపిక చేసేటప్పుడు, క్లచ్ తొక్కనప్పుడు ఎడమ పాదం ఆనించే చోటు ఉన్నదా, స్టీరింగు, సీటు, బ్రేకు పెడలు ఒకే సరళరేఖలో ఉన్నాయా అని కూర్చుని చూడాలి.

ఎవరి కొలతలకు?

భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ నేతృత్వంలో అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం వివిధ రాష్ట్రాల వ్యవసాయ కార్మికుల శరీర కొలతలను, బలాన్ని నమోదు చేసి 2009లో ప్రచురించింది. పురుషుల సగటు ఎత్తు సుమారు 163 సెంటీమీటర్లు, స్త్రీలది 150 సెంటీమీటర్లకు కొంచెం పైన. సగటుకు సరిపోయే సీటు అందరికీ సరిపోదు. పెడలు అందే దూరాన్ని పొట్టివారి కాలును బట్టి, మోకాలి పైన ఖాళీని పొడవైనవారి కాలును బట్టి నిర్ణయించాలి. స్త్రీలకు ట్రాక్టరు శిక్షణ ఇచ్చేచోట ఈ లెక్క పొట్టి స్త్రీ కాలు నుండే మొదలు కావాలి.

క్షేత్ర ప్రదర్శనల్లో పాటించదగినవి

1. యంత్రాన్ని నడిపించే ముందు డ్రైవరును సీటుపై కూర్చోబెట్టి క్లచ్‌ను పూర్తిగా తొక్కించాలి. అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి, వీపు సీటును వదలకూడదు. కానిచో సీటును ముందుకు జరపాలి.

2. బరువు సర్దుబాటు మరను శుభ్రపరచి, నూనె వేసి, డ్రైవరు బరువుకు తగినట్లు అమర్చాలి. డ్రైవరు మారితే సర్దుబాటు కూడా మారాలి.

3. గోనె సంచికి బదులు అణగారిన నురుగును మార్పించాలి.

4. పెడళ్ళపై గరుకు అరిగిపోతే రబ్బరు తొడుగు లేదా గరుకు రేకు వేయించాలి. ఎక్కే మెట్టుపైన, పాదాల చోట బురదను ప్రతి విరామంలో కడగాలి.

5. పనిముట్లు, తాళ్ళు, క్యారేజీలు పెట్టడానికి విడిగా పెట్టె అమర్చాలి. పాదాల చోట ఏ వస్తువూ ఉండరాదు.

6. చేను నుండి రోడ్డెక్కే ముందు బ్రేకు కొక్కెం వేయడాన్ని అలవాటుగా నేర్పాలి.

7. రెండు గంటలకు ఒకసారి డ్రైవరు దిగి కొద్ది నిమిషాలు నడవాలి. అద్దె యంత్ర కేంద్రాలు దమ్ము రోజుల్లో ఇద్దరు డ్రైవర్లను నియమించుకోవాలి.

విద్యార్థులకు పరిశోధనావకాశాలు

బాపట్లలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి విద్యాసంస్థల విద్యార్థులకు డెల్టా చేలు సిద్ధంగా ఉన్న ప్రయోగశాలలు. మోకాలు, చీలమండ కోణాలను కోణమానినితో కొలవడం, పని ముందు, తరువాత గుండె వేగాన్ని నమోదు చేయడం, కార్లెట్, బిషప్ 1976లో ప్రతిపాదించిన పద్ధతిలో ఏ శరీర భాగంలో ఎంత అసౌకర్యం కలిగినదో డ్రైవరునే అడిగి గుర్తించడం తక్కువ ఖర్చుతో చేయదగినవి. సర్దుబాటు చేయని సీటుపై ఒక రోజు, చేసిన సీటుపై మరొక రోజు ఒకే డ్రైవరును, ఒకే మడిని తీసుకొని పోల్చితే రైతులు స్వయంగా నమ్మదగిన ఫలితం లభిస్తుంది.

ముగింపు

ఎకరానికి ఎన్ని గంటలు, ఎన్ని లీటర్లు అన్న లెక్కలతోనే యంత్రీకరణ నివేదికలు సాధారణంగా ముగుస్తాయి. ఆ గంటలన్నీ ఒక మనిషి నడుముపై, ఆ మలుపులన్నీ ఒక ఎడమ పాదంపై నడిచినవే. సీటు మర తిప్పడానికి, పెడలుపై బురద కడగడానికి రాయితీ పథకం అక్కరలేదు. చేను గట్టున నిలిచిన విస్తరణ శాస్త్రవేత్త యంత్రాన్ని చూసే ముందు దానిపై కూర్చున్న డ్రైవరు కాళ్ళను చూస్తే చాలు, మొదటి సిఫారసు అక్కడే దొరుకుతుంది.