వైద్యుని హస్తవాసి

జ్వరము వచ్చినప్పుడు మనము మొట్టమొదట పోవునది పెద్ద ఆసుపత్రికి గాదు. వీధి చివర నున్న మన వైద్యుని గదికే. ఆయన మన తాతగారి ఉబ్బసము నెఱుగును. మన చెల్లెలికి ఏ మందు పడదో యెఱుగును. ఆయనను గూర్చి మనవారు చెప్పుకొను మెప్పు ఒక్కటే: "ఆయన హస్తవాసి మంచిది." ఈ హస్తవాసి యనునది వట్టి అదృష్టమా, లేక కంటితో చూచి తెలిసికొనదగిన దేదైన అందు కలదా యని మేము కొంత విచారించితిమి. ఆ విషయమునే విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచ్చట నివేదించుచున్నాము.

మొదట చేతిమాటయే చెప్పెదము. 1846వ సంవత్సరమున వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో, వైద్యులు పురుడు పోయు భాగమున నూటికి పదకొండుగురు బాలింతలు మరణించిరి. మంత్రసానులు పురుడు పోయు భాగమున అంతమంది చనిపోలేదు. సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు దీనికి కారణము వెదకి, శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురిటిగదికి వచ్చుచుండుటను గమనించెను. 1847లో ఆయన, క్లోరిను కలిసిన సున్నపు నీటితో చేతులు కడుగుకొననిదే యెవరును లోనికి రాగూడదని నియమము పెట్టెను. 1848 నాటికి మరణములు నూటికి ఒకటి చొప్పునకు దిగెను. అయినను సాటివైద్యులు పెక్కుమంది ఆయన మాట నమ్మలేదు! మన వైద్యుని గదిలో కుళాయియు సబ్బును ఉన్నంత మాత్రమున చాలదు. ఒక రోగిని విడిచి మఱియొక రోగిని ముట్టుటకు ముందు ప్రతిసారియు చేతులు శుభ్రపఱచుకొనుచున్నారా యన్నదే ప్రశ్న. మాసిన తువ్వాలుతో తుడుచుకొనినచో కడిగిన ఫలము కాస్తయు పోవును.

ఇక సూది. మా చిన్నతనమున గాజు సిరంజిని నీళ్లలో మరగించి వాడుట చూచితిమి. మరుగు నీటి వేడి నూఱు డిగ్రీలు. ధనుర్వాతపు క్రిముల బీజములు ఆ వేడికి తప్పక చచ్చునని నమ్మరాదు. ఒత్తిడిలో నున్న ఆవిరియైనచో 121 డిగ్రీల వేడి నందుకొనును. మన వంటింటి ప్రెషరు కుక్కరు చేయు పనియే యిది; వైద్యులు దీనిని ఆటోక్లేవు అందురు. గాయములకు కుట్లు వేయు కత్తెరలు, పట్టుకారులు ఇందు కనీసము పావుగంట ఉడుకవలెను. సూదియు సిరంజియు మాత్రము ఇప్పుడు ఒక్కసారి వాడి పాఱవేయవలసినవే.

"సూది మార్చితిమి గదా, సిరంజి అదే యైన నేమి?" అని కొందఱందురు. ఇంతకంటె ప్రమాదకరమైన మాట లేదు. కంటికి కానరానంత రక్తము సిరంజిలోనికి ఎక్కవచ్చును. కాలేయమును చెఱచు హెపటైటిస్-బి క్రిమి శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రతుకగలదు. అది సోకిన పిమ్మట రోగము బయటపడుటకు ఒకటి మొదలు ఆఱు నెలలు పట్టును. కనుక ఆ రోగము ఏ సూదివలన వచ్చినదో రోగి తలపోయనైన లేడు. తప్పు చేసినవానికిని తన తప్పు తెలియదు. 2009లో గుజరాతునందలి మోడాసా పట్టణ ప్రాంతమున ఈ వ్యాధి ప్రబలి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. వాడిన సిరంజులనే మరల వాడుట అందుకు కారణమని విచారణలో తేలెను.

ఈ విషయమున తప్పంతయు వైద్యులదే యనుట న్యాయము కాదు. సూది వేయనిదే వైద్యము కాదని పట్టుబట్టువారము మనమే. కొన్నేండ్ల క్రిందట మా యింటి పిల్లవానికి జలుబుతో జ్వరము రాగా, మా వైద్యుడు సూది అక్కఱలేదని మాత్రలే యిచ్చెను. మాకు తృప్తి లేక వేఱొకచోటికి పోతిమి. అచ్చటివారు అడుగకయే సూది వేసిరి. ఆ సిరంజిని క్రొత్త కవరులోనుండి తీసిరో, బల్లమీది పళ్లెములోనుండి తీసిరో మేము చూడలేదు. ఇంటికి వచ్చిన పిదప ఆ సంగతి తోచెను. పిల్లవానికి ఏమియు కాలేదు గాని, ఆ ఆఱు నెలలు మేము పడిన బెంగ మాకే తెలియును.

టీకామందుల మాట కొంచెము. వానిని 2 డిగ్రీలకు తగ్గక 8 డిగ్రీలకు మించక యుండునట్లు భద్రపఱచవలెను. చల్లదన మెక్కువైన మంచిదే గదా యనుకొనరాదు. గడ్డకట్టినచో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు కలిపి వేయు టీకా చెడిపోవును. పెక్కు టీకా సీసాలపై ఒక వలయమును, దాని నడుమ చిన్న చదరమును ఉండును. చదరము వలయముకంటె తేటగా నున్నంతవరకు వేడివలన మందు చెడలేదని గుర్తు. వేడి తగిలినకొలది చదరము ముదురురంగు తిరుగును. రెండును ఒకే రంగైనచో సీసాను పాఱవేయవలెను. బడిపిల్లలు సహితము దీనిని చదువగలరు.

మందుల చీటీ యెవరికిని అర్థము కాని గొలుసుకట్టుగా నుండుట మన దేశమున పాతవాడుకయే. మందు పేరు స్పష్టముగా, వీలైనంతవఱకు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని 2016లో భారత వైద్యమండలి తన నియమములలో చేర్చినది. వాడిన సూదులు గుచ్చుకొని బయటికి రాని తెల్లని గట్టిపెట్టెలో పడవలెనని అదే యేటి కేంద్రప్రభుత్వ నిబంధనలు చెప్పుచున్నవి. చెత్తబుట్టలో పడిన సూది, దానిని ఎత్తువాని చేతికి గ్రుచ్చుకొనును.

మొన్న మేము మా వైద్యునికడకు పోయినప్పుడు, మా ముందున్న ముసలమ్మ కంపౌండరుతో, "నాయనా, ఆ కవరు నా యెదుట చింపు" మనెను. అతడు కోపగించుకొనలేదు. కవరుమీది తేదీని ఆమెకు చదివి వినిపించి, ఆమె చూచుచుండగనే చింపెను.