దేశోద్ధారక గ్రంథమాల

దేశోద్ధారక గ్రంథమాల తెలుగు రచయిత, ఉద్యమకారుడు వట్టికోట ఆళ్వారుస్వామి (1915 - 1961) 1938లో సికింద్రాబాదులో స్థాపించిన చిన్న ప్రచురణ సంస్థ. నిజాం పాలనలోని తెలంగాణలో తెలుగు పుస్తకాలను సామాన్య పాఠకులకు చేర్చిన సంస్థలలో ఇది ముఖ్యమైనది. ఇది ముప్పైకి పైగా పుస్తకాలను ప్రచురించింది.

నేపథ్యం

గ్రంథమాల అంటే ఒకే పేరు కింద వరుసగా వెలువడే పుస్తకాల శ్రేణి. ఒక పుస్తకం అమ్మగా వచ్చిన సొమ్ముతోను, చందాదారుల సహాయంతోను తరువాతి పుస్తకాన్ని అచ్చువేయడం ఈ పద్ధతిలో సాధారణం. పెద్ద పెట్టుబడి లేనివారికి ఇది అనువైన మార్గం.

తెలుగులో ఈ పద్ధతికి బలం చేకూర్చినది 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి. దాని తొలి ప్రచురణ అయిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రను రచించినవాడు కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1908లో మండలి మద్రాసుకు తరలిపోయింది. హైదరాబాదు సంస్థానంలో పాలనకు, ఉన్నత విద్యకు ఉర్దూ వాడుకలో ఉండేది. సభలకు ముందుగా అనుమతి పొందాలని 1929లో వెలువడిన గస్తీ నిషాన్ 53 నిర్దేశించింది. ఇటువంటి పరిస్థితులలో గ్రంథాలయాలు, పత్రికలు, గ్రంథమాలలు తెలుగువారి సాంస్కృతిక చైతన్యానికి ఆధారాలయ్యాయి.

వ్యవస్థాపకుడు

ఆళ్వారుస్వామి నల్గొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని చెరువు మాధవరంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో చదువు సక్రమంగా సాగలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ అక్షరజ్ఞానాన్ని పెంచుకున్నాడు. విజయవాడలో హోటల్ సర్వరుగా పనిచేశాడు. అనంతరం హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా చేరాడు. అచ్చుపని ఎలా జరుగుతుందో, పుస్తకం పాఠకుని చేతికి చేరే వరకు ఏమేమి అవసరమో తెలుసుకోవడానికి ఈ ఉద్యోగం తోడ్పడింది.

స్థాపన, పనితీరు

ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1938 ఏప్రిల్‌లో మరణించాడు. ఆయనను ప్రజలు "దేశోద్ధారక" అని గౌరవించేవారు. ఆ బిరుదునే ఆళ్వారుస్వామి తన గ్రంథమాలకు పేరుగా పెట్టాడు. నాగేశ్వరరావు కూడా 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించిన ప్రచురణకర్తే. అయితే ఆయన ప్రచురణలకు అమృతాంజనం వ్యాపారపు ఆదాయం అండగా ఉండేది. ఆళ్వారుస్వామికి అటువంటి ఆధారం లేదు.

అందువల్ల ప్రచురణకర్త పనులతో పాటు అమ్మకందారు పని కూడా ఆయనే చేశాడు. పుస్తకాల మూటను నెత్తిన పెట్టుకొని ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. పుస్తకాల దుకాణాలు అరుదుగా ఉన్న కాలంలో పాఠకుని వెతుక్కుంటూ వెళ్ళడం తప్ప మరో మార్గం లేదు. అందుకే ఈ సంస్థ ప్రచురణతో పాటు కొత్త పాఠకులను తయారుచేసే పనిని కూడా నిర్వహించింది.

ఉద్యమం, జైలు జీవితం

ఆళ్వారుస్వామి ఆంధ్ర మహాసభలోను, కమ్యూనిస్టు ఉద్యమంలోను పాల్గొని పలు జైళ్ళలో నిర్బంధానికి గురయ్యాడు. నిజామాబాదు జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయనకు సహఖైదీ. దాశరథి తన "అగ్నిధార"ను (1949) ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. ఒక మనిషి శ్రమపై నడిచే సంస్థకు ఆ మనిషి జైలు పాలుకావడం ఎంతటి దెబ్బో ఊహించవచ్చు. అయినప్పటికీ ఆయన విడుదలైన తరువాత రచనను, ప్రచురణను రెండింటినీ కొనసాగించాడు.

రచనలు

ఆళ్వారుస్వామి నవల "ప్రజల మనిషి" 1955లో వెలువడింది. నిజాం పాలనలోని గ్రామజీవితాన్ని, ప్రజలలో కలిగిన రాజకీయ చైతన్యాన్ని ఇది చిత్రించింది. తెలంగాణ నవలా సాహిత్యంలో దీనికి ప్రముఖ స్థానం ఉంది. తోటి ఖైదీల జీవితాల ఆధారంగా రాసిన కథలు "జైలు లోపల" పేరుతో వెలువడ్డాయి. ఆయన 1961 ఫిబ్రవరి 5న మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన "గంగు" నవల మరణానంతరం ప్రచురితమైంది.

ప్రాముఖ్యత

పెట్టుబడి గాని, ఉన్నత విద్య గాని లేని ఒక రచయిత ప్రచురణ సంస్థను నెలకొల్పి నిలబెట్టగలడని దేశోద్ధారక గ్రంథమాల నిరూపించింది. పుస్తకాన్ని అచ్చువేయడంతో ప్రచురణకర్త బాధ్యత తీరదని, అది పాఠకుని చేరినప్పుడే ఆ పని పూర్తవుతుందని ఈ సంస్థ చరిత్ర తెలియజేస్తుంది.