వేసవి ముగింపు విందుకు ఏ వైన్ కొనాలి?
పాత నిల్వలు కదిలే కాలం – కొనుగోలుదారుకు అనుకూలం

సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే. 1894 నుంచి జాతీయ సెలవుగా ఉన్న ఈ రోజును అక్కడివారు వేసవికి వీడ్కోలుగా జరుపుకుంటారు. పెరళ్లలో బొగ్గుల పొయ్యిలు వెలుగుతాయి. మాంసం, మొక్కజొన్న కండెలు కాలుతాయి. వైన్‌కు గిరాకీ ఏర్పడుతుంది. సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియా తోటల్లో కొత్త పంట కోత సాగుతూ ఉంటుంది. కొత్త సరుకుకు చోటు కావాలంటే పాత నిల్వలు కదలాలి.

అమెరికాలో తయారయ్యే వైన్‌లో 80 శాతానికి పైగా కాలిఫోర్నియాదే. ఒక టన్ను ద్రాక్ష నుంచి సుమారు 700 సీసాల వైన్ దిగుతుంది. టన్ను 700 డాలర్లు పలికితే సీసాలోని పండు విలువ ఒక డాలరు. 7,000 పలికితే పది డాలర్లు. పేరుమోసిన నాపా లోయలో టన్ను ధర వేలల్లో ఉంటుంది. లోడై, ఫ్రెస్నో ప్రాంతాల్లో వందల్లోనే. మసాలా, పొగ వాసన పట్టిన విందుకు నాపా సీసా కొనడం డబ్బు దండగ.

రైతుకు మాత్రం ఈ చౌక సంతోషం కలిగించేది కాదు. వైన్ వాడకం తగ్గడంతో ఒప్పందాలు దొరకని తోటలు ఎన్నో. 2024లో కాలిఫోర్నియాలో పిండిన ద్రాక్ష 30 లక్షల టన్నులకు లోపే. అప్పటికి సుమారు 20 ఏళ్లలో అదే కనిష్ఠం. కొనేవారు లేక కొన్ని తోటల్లో పండు తీగల మీదే ఎండిపోయింది. తీగలు పెకలించినవారూ ఉన్నారు. ఐరోపా సరుకుకు చిక్కు వేరు: 2025 ఆగస్టులో దానిపై 15 శాతం దిగుమతి సుంకం పడింది.

ఏ వంటకు ఏది

తియ్యటి సాసు పూసి కాల్చిన మాంసానికి లోడై జిన్‌ఫాండెల్ చక్కగా నప్పుతుంది. చేపకు, రొయ్యలకు సోవిన్యాన్ బ్లాంక్ మేలు. అన్నిటికీ ఒకటే కావాలంటే రోజే. ఇది నిల్వ ఉంచే సరుకు కాదు, ఏడాది రెండేళ్లలో తాగేయాలి. అందుకే వేసవి చివర వర్తకులు తరచు ధర తగ్గించి వదిలించుకుంటారు. సీసాపై పంట సంవత్సరం చూసి తీసుకోవాలి.

అమెరికాలోని తెలుగువారి విందులో కారం ఎక్కువ. ఆల్కహాలు శాతం హెచ్చుగా ఉన్న ఎర్ర వైన్ కారపు మంటను ఇంకా పెంచుతుంది. మిరియాల కోడికి, కారం పట్టించిన చేపకు కాస్త తీపి ఉన్న రీస్‌లింగ్ శ్రేష్ఠం. వాషింగ్టన్ రాష్ట్రపు సరుకు, జర్మనీ మోజెల్ సరుకు ఈ కోవలోవి.

ఎంత కొనాలి

750 మిల్లీలీటర్ల సీసాకు 5 గ్లాసులు వస్తాయి. 20 మంది విందులో 12 మంది తాగేవారైతే, మనిషికి రెండు గ్లాసుల చొప్పున 24 గ్లాసులు, అంటే 5 సీసాలు. 6 కొంటే చాలు. 12 సీసాల పెట్టెపై చాలా దుకాణాలు తగ్గింపు ఇస్తాయి గనుక ఇరుగు పొరుగు కలిసి కొని పంచుకోవడం లాభం. 3 లీటర్ల అట్టపెట్టె నాలుగు సీసాలకు సమానం. లోపలి సంచిలోకి గాలి చొరబడదు కాబట్టి తెరిచాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది.

ఎండలో ఎర్ర వైన్‌ను సైతం అరగంట ఫ్రిజ్‌లో ఉంచి పోయాలి. తెల్ల వైన్‌కు ఒట్టి ఐసు కన్నా నీళ్లు కలిపిన ఐసు త్వరగా చల్లదనమిస్తుంది. చాలా పార్కుల్లో మద్యం నిషిద్ధం. నిబంధన తెలుసుకోకుండా సరుకు మోసుకెళ్తే తగ్గింపులో మిగిలిన సొమ్ము జరిమానాకే పోతుంది.