ఇంటిపేరు – పెట్టినపేరు

విదేశములకేగు పిల్లలను సాగనంపుటకు మనము నేడు శంషాబాదు వెళ్లుచున్నాము. 2008లో బేగంపేటనుండి విమానాశ్రయ మచ్చటికి తరలినది. పాసుపోర్టులో ఇంటిపేరునకొక గడి, పెట్టినపేరునకొక గడి ఉండును. మనము ఇంటిపేరు ముందు చెప్పుదుము. పాశ్చాత్యులు చివర చెప్పుదురు. ఈ తికమకలో కొందరు ఇంటిపేరునకు మారు తండ్రిపేరు వ్రాయించి, అసలు ఇంటిపేరునే పోగొట్టుకొనుచున్నారు. పోవునది ఒక్క మాట మాత్రమేనా?

మన ఇంటిపేర్లలో చాలవరకు ఊళ్ల పేర్లే. ఏలూరు ఏలూరి యైనది. రావిపాడు రావిపాటి యైనది. సొంత ఊరిలో నున్నంతకాలము ఎవరును ఆ ఊరిపేరుతో పిలువరు. ఊరు విడిచి వేరొకచోటికి చేరినప్పుడే అది ఇంటిపేరగును. కనుక ఇంటిపేరు పూర్వులు చేసిన యొక ప్రయాణమునకు గుర్తు.

శంషాబాదునుండి బెంగుళూరు బాటన పోయిన షాద్‌నగరు ప్రాంతమున బూర్గుల గ్రామము కలదు. 1952 మొదలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన రామకృష్ణారావుగారి వంశమువారి తొలి ఇంటిపేరు పుల్లంరాజు. ఊరిపేరు దానిని మరపించినది. మనుష్యుల బిరుదులు ఊళ్లకును వచ్చును. శంషాబాదు పేరు పైగా ప్రభువుల ‘శంసుల్ ఉమ్రా’ బిరుదమునుండి కలిగినదందురు.

ఇంటిపేరుండియు దానికి నోచుకొననివారును కలరు. పాలకుర్తిలో తన పంటకై దొరను ఎదిరించిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకము మాత్రము ఆమెను కులముపేరుతోనే పిలిచినది.

ఇక పెట్టినపేర్లు. యాదగిరి యనగా గుట్ట నరసింహస్వామి మ్రొక్కు. కొమురయ్య యనగా కొమురవెల్లి మల్లన్న మ్రొక్కు. పుట్టినబిడ్డలు దక్కని తల్లి, కడపటి బిడ్డనైనను మృత్యువు కంటబడనీయరాదని, పెంటకుప్పపై క్షణకాలము పరుండబెట్టి పెంటయ్య యనెను. ఎంగిలి విస్తళ్లపై పొర్లించి పుల్లయ్య యనెను. పట్టణమున పెరిగిన మనుమలు ఆ పేర్లు చెప్పుటకు సిగ్గుపడుదురు. సిగ్గుపడవలసిన దేమున్నది? ఆ పేరు వెనుక నున్నది ఒక తల్లి భయము, ఆమె ప్రార్థన.

మేము కోరునదొక్కటే. ఆ గడులు నింపుటకు ముందు ఇంటిలోని నాయనమ్మను, తాతయ్యను అడుగుడు: మన ఇంటిపేరు ఏ ఊరిది? ఈ పేరు ఎవరిది? పిదప దానిని ఒక్క అక్షరమునకు కుదింపక పూర్తిగా వ్రాయుడు. ఒకనాడు ఊరు దాటిన తాతల గుర్తు, నేడు సముద్రము దాటు మనుమని వెంట పోవుట న్యాయము.