సీపీయూ జ్వరం ఎంత? కంప్యూటర్‌లో దాగిన థర్మామీటరు కథ

మదర్‌బోర్డు మీద ఓ మూలన బొటనవేలి గోరంత నల్ల చిప్పు ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ ఎంత వేడెక్కింది, ఫ్యాన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, పవర్ సప్లై నుంచి ఎన్ని ఓల్టులు వస్తున్నాయి అన్నవి కొలిచి, అడిగినప్పుడు చెప్పడం దాని కొలువు. హెచ్‌డబ్ల్యూమానిటర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో, స్పీడ్‌ఫ్యాన్ వంటి ప్రోగ్రాములు తెర మీద చూపించే అంకెల్లో చాలా భాగం దాన్ని అడిగి తెచ్చినవే. ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలన్నదే చిక్కు.

ఈ చిక్కు పల్నాడు వేసవిలో తేలిగ్గా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో, గురజాలకూ మాచర్లకూ మధ్య రెంటచింతల ఉంది. అక్కడ వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. ఎండలు ముదిరాయంటే రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్తల్లో ఆ ఊరి పేరు తరచూ వినబడుతుంది. పేపర్లో 45 డిగ్రీలని పడితే ఆ అంకె తారు రోడ్డుది కాదు, రేకుల షెడ్డుది అంతకన్నా కాదు. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసి, చుట్టూ గాలి ఆడేలా కట్టిన పెట్టెలో నీడపట్టున ఉన్న థర్మామీటరుది. ఆ పెట్టెను 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు రూపొందించాడు. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఆయన కొడుకే. అదే మధ్యాహ్నం మాచర్లలో రేకుల కప్పు కింద నడిచే జిరాక్స్ షాపులో సెగ మరోలా ఉంటుంది. థర్మామీటరు ఎక్కడ పెట్టారో తెలిస్తేనే అంకెకు అర్థం. కంప్యూటర్ లోపలి కథంతా ఈ 'ఎక్కడ' అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదట్లో ఆ ప్రశ్నే లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో 8088 ప్రాసెసర్‌కు ఫ్యాను లేదు సరికదా, వేడిని లాగే లోహపు దిమ్మె కూడా లేదు. 486 చిప్పుల్లో వేగం పెరిగే కొద్దీ హీట్‌సింక్ తగిలించారు. 1993లో పెంటియం వచ్చేసరికి దాని నెత్తిన ఫ్యాను కూడా ఎక్కింది. ఫ్యాను వచ్చిందంటే అది ఆగిపోయే రోజూ వస్తుంది. దుమ్ము పట్టి ఫ్యాను నిలిచిపోతే ఎవరు చెప్పాలి? సెన్సర్ అవసరం అక్కడ పుట్టింది.

వేడిని కరెంటుతో పసిగట్టవచ్చన్న సంగతి అప్పటికే పాతది. సిల్వర్ సల్ఫైడ్ వేడెక్కే కొద్దీ కరెంటును మరింత తేలిగ్గా పోనిస్తుందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఆ గుణం మీద ఆధారపడిన థర్మిస్టర్ బజారులోకి రావడానికి సుమారు వందేళ్లు పట్టింది. మదర్‌బోర్డు తయారీదార్లు మొదట ఎంచుకున్నది ఈ చవక వస్తువునే. ప్రాసెసర్ సాకెట్ నడుమ ఖాళీలో, చిప్పు అడుగుకు తగిలీ తగలనట్టుగా ఒక థర్మిస్టర్‌ను నిలబెట్టేవారు. జ్వరం వచ్చినవాడి నుదురు వదిలేసి మంచం పట్టె తడిమి చూసినట్టుండేది ఆ కొలత. రెండు బోర్డుల్లో థర్మిస్టర్ ఒకే ఎత్తులో నిలిచేది కాదు కాబట్టి ఒకే ప్రాసెసర్ ఒక బోర్డు మీద చల్లగా, మరో బోర్డు మీద వేడిగా కనబడేది.

1990ల నడుమ అమెరికాలోని నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ ఎల్‌ఎం75, ఎల్‌ఎం78 అనే చిప్పుల్ని తెచ్చింది. మొదటిది ఉత్త థర్మామీటరు, అర డిగ్రీ మెట్లలో చెబుతుంది. రెండోది అసలైన కాపలాదారు: ఏడు ఓల్టేజీలు, మూడు ఫ్యాన్లు, ఒక ఉష్ణోగ్రత. తరవాత వచ్చిన విన్‌బాండ్, ఐటీఈ కంపెనీల చిప్పులు చాలావరకు దీని దారినే నడిచాయి. ఇప్పటి తప్పుడు అంకెల్లో చాలావాటి మూలాలు కూడా దీని నిర్మాణంలోనే కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి.

ఎల్‌ఎం78 ఓల్టేజీని 16 మిల్లీ ఓల్టుల మెట్లుగా, 256 మెట్లలో కొలుస్తుంది. అంటే దాని చేతికి అందేది సుమారు 4 ఓల్టుల దాకానే. పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్, ఇచ్చేదేమో 12, 5, 3.3 ఓల్టులు. అందుకని 12 ఓల్టుల తీగను నేరుగా కలపకుండా, రెండు రెసిస్టర్లతో పంచి అందులో కొంత భాగాన్నే చిప్పుకు చూపిస్తారు. ఆ రెసిస్టర్ల విలువ ఎంతన్నది బోర్డు తయారీదారు ఇష్టం. చిప్పుకు అది తెలియదు. ప్రోగ్రాముకు ఎవరైనా చెబితే తప్ప అదీ ఎరగదు, ఊహించి గుణిస్తుంది. గుణకారం తప్పితే నిక్షేపంలాంటి 12 ఓల్టులు తెర మీద 8 గానో 16 గానో కనబడతాయి. నిజంగా 12 ఓల్టుల తీగ మీద 8 ఓల్టులే వస్తే కంప్యూటర్ ఆన్ కావడమే కష్టం. అది నడుస్తోందంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, లెక్కది. అయినా తెర మీది అంకె చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చేసేవారు ఉన్నారు. దానికన్నా మల్టీమీటరు చవక. పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య 11.4 నుంచి 12.6 ఓల్టుల దాకా ఉంటే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం బాగున్నట్టే. ఎర్ర తీగ మీద 4.75 నుంచి 5.25 దాకా ఉండవచ్చు.

ఫ్యాను సంగతి ఇంకా చిత్రమైనది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే రెండు విద్యుత్ స్పందనలు పంపుతుంది. చిప్పు స్పందనల్ని నేరుగా లెక్కపెట్టదు. వాటి మధ్య తన గడియారం ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెడుతుంది. ఆ లెక్క 255 దగ్గర ఆగిపోతుంది. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే స్పందనల మధ్య ఎడం పెరిగి లెక్క నిండిపోతుంది, అప్పుడు ప్రోగ్రాము సున్నా చూపిస్తుంది. ఎల్‌ఎం78లో గడియారాన్ని నెమ్మదింపజేసే భాజకం 2 గా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 2,650 చుట్ల కన్నా నెమ్మదిగా తిరిగే ఫ్యాను లేనట్టే లెక్క. భాజకాన్ని 8 చేస్తే సుమారు 660 చుట్ల దాకా కనబడుతుంది. కంటికి గిరగిరా తిరుగుతున్న ఫ్యాను పక్కనే తెర మీద సున్నా వస్తే భయపడాల్సింది లేదు. పాత బోర్డుల మీద ఇది మామూలే.

చిప్పు వచ్చినంత మాత్రాన చాలదు, దాని మాట వినేవారు ఉండాలి కదా. లినక్స్ వాడేవారికి 1998 నుంచి ఎల్‌ఎం-సెన్సర్స్ అనే ప్రోగ్రాముల మూట దొరికింది. దాని పేరులోని ఎల్‌ఎం ఆ చిప్పుల పేర్లను తలపిస్తుంది. విండోస్‌లో మదర్‌బోర్డ్ మానిటర్ ఎంతో పేరు తెచ్చుకుని 2004లో ఆగిపోయింది. స్పీడ్‌ఫ్యాన్, హెచ్‌డబ్ల్యూమానిటర్ ఆ చోటు నింపాయి. ఇవన్నీ ముందుగా చేయాల్సింది బోర్డు మీద ఏ చిప్పు ఉందో కనిపెట్టడం. ఒక్కో చిరునామా తలుపూ తట్టి, జవాబును బట్టి ఆనవాలు పట్టాలి. తట్టడంలోనూ ప్రమాదం ఉంది. కొన్ని పాత ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో ఇలా వెతకబోతే, సెటప్ వివరాలు దాచుకున్న మెమరీ చిప్పు చెడిపోయి ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ కాలేదు. తరవాత ఎల్‌ఎం-సెన్సర్స్ వాళ్లు ఆ నమూనాల జోలికి పోవద్దని హెచ్చరిక చేర్చారు.

ఇంతలో థర్మామీటరు చోటు మారింది. 1990ల చివరికి ఇంటెల్ ప్రాసెసర్ల సిలికాన్ లోపలే ఒక డయోడ్ వచ్చింది. దాని గుండా ముందు కొంచెం కరెంటు, వెంటనే దానికి పది రెట్లు పంపి, రెండు ఓల్టేజీల తేడా చూస్తారు. ఆ తేడా డిగ్రీకి సుమారు 0.2 మిల్లీ ఓల్టు చొప్పున పెరుగుతుంది. మంచం పట్టె నుంచి నుదుటికి చెయ్యి చేరిందన్నమాట. అయితే కొలిస్తే చాలదు, కొలిచాక ఏదో ఒకటి చెయ్యాలి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్ పత్రిక ఒక వీడియో చూపించింది. ఆట ఆడుతున్న కంప్యూటర్లలో ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌ను ఊడబెరికారు. పెంటియం 4 నెమ్మదించింది కాని ఆగలేదు. పెంటియం 3 బిగుసుకుపోయింది. ఏఎండీ అథ్లాన్ మాత్రం కొన్ని సెకన్లలో 300 డిగ్రీలు దాటి పొగలు కక్కింది. మదర్‌బోర్డు విని స్పందించేలోగా చిప్పు కాలిపోతుందని అందరికీ అర్థమైంది. తనను తాను కాపాడుకునే ఏర్పాటు ప్రాసెసర్ లోపలే ఉండాలన్న వాదనకు ఆ వీడియో కన్నా గట్టి సాక్ష్యం మరొకటి లేదు.

2006లో ఇంటెల్ కోర్ చిప్పులతో డిజిటల్ సెన్సర్లు ప్రాసెసర్‌లోని ఒక్కో కోరులోకీ వచ్చాయి. వీటి భాష వేరు. ఎన్ని డిగ్రీలున్నాయో చెప్పవు, ప్రమాదపు గీటుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతాయి. గీటు ఎక్కడుందో తెలిస్తేనే అసలు ఉష్ణోగ్రత తేలుతుంది. డెస్క్‌టాప్ కోర్ 2 చిప్పుల గీటు ఎంతో ఇంటెల్ 2008 దాకా బయటపెట్టలేదు. ఈలోగా ఒక ప్రోగ్రాము 85 అనుకుంది, మరొకటి 100 అనుకుంది. 'ఇంకా 40 డిగ్రీల దూరం' అని చిప్పు చెబితే ఒక తెర మీద 45, మరో తెర మీద 60. తరవాతి చిప్పుల్లో ఆ గీటును లోపలే రాసి పెట్టారు. పైగా ఈ సెన్సర్లు గీటు దగ్గర బాగా చెబుతాయి, చల్లగా ఉన్నప్పుడు అంత నిక్కచ్చిగా చెప్పవు. కొన్నయితే ఒక అంకె దగ్గర అతుక్కుపోయి కదలవు. ఏఎండీ 2017లో రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్పులకు మరో చిత్రం చేసింది. ఫ్యాన్ల నడక అన్ని నమూనాల్లో ఒకేలా ఉండాలని, ఉన్న వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పించింది. ఆ సంగతి తెలియని ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్‌కు లేని జ్వరం అంటగట్టాయి.

కొన్ని అంకెలు చూడగానే దొంగవని తెలిసిపోతాయి. 127 అలాంటిది. ధన, రుణ గుర్తులతో ఎనిమిది బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. ఏమీ తగిలించని సెన్సర్ పిన్ను దగ్గర తరచూ అదే వస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే పిచ్చి అంకె వచ్చి మాయమవుతుంటే రెండు ప్రోగ్రాములు ఒకేసారి చిప్పును అడుగుతున్నాయేమో చూడాలి. చిప్పుతో మాట్లాడటం రెండు మెట్ల పని. ముందు ఏ గడి కావాలో చెప్పాలి, తరవాత అందులోది చదవాలి. మొదటి ప్రోగ్రాము ఫ్యాను గడి అడిగాక, అది చదివేలోగా రెండోది వేడి గడి అడిగితే, మొదటిదానికి వేడి అంకే ఫ్యాను వేగంగా అందుతుంది. బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాముంటే దాన్ని ఆపి, ఒక్క ప్రోగ్రామునే నడిపి చూడాలి. ఇక 2025 నుంచి విండోస్ డిఫెండర్ ఇలాంటి కొన్ని ప్రోగ్రాములు వాడే విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ను ప్రమాదకరమని పట్టుకుంటోంది. ఆ హెచ్చరికలో నిజముంది. హార్డ్‌వేర్ లోతుల్లోకి దారి తెరిచే ఆ డ్రైవర్‌ను చెడ్డ ప్రోగ్రాములూ వాడుకోగలవు. కొత్త వెర్షన్ వేసుకోవడమే మేలు.

హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ అంకెల మీద కూడా అతి నమ్మకం పనికిరాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిన డిస్కుల్లో 36 శాతం ముందుగా స్మార్ట్‌లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ముఖ్యమైన ఫైళ్లకు రెండో ప్రతి ఉంచుకోవాల్సిందే.

పల్నాడు వేసవిలో ప్రాసెసర్ వేడిని అంచనా కట్టడానికి తెర మీది అంకెకన్నా, గది వేడి మీద అది ఎంత పెరిగిందన్నదే పనికొస్తుంది. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో ఖాళీగా ఉన్న ప్రాసెసర్ 38 చూపిస్తే పెరుగుదల 13. మే నెలలో గది 42 ఉంటే అదే కంప్యూటర్ 55 చూపించడం రోగం కాదు, పెరుగుదల అంతే ఉంది. అదే గది, అదే పని, అయినా నిరుడు 30 ఉన్న పెరుగుదల ఈ ఏడు 50 అయితే లోపం ఉన్నట్టే. ముందు చూడాల్సింది దుమ్ము. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర గాలిలో తేలే సున్నపు పొడి తేమ తగిలితే గడ్డకడుతుంది, హీట్‌సింక్ రెక్కల మధ్య బ్రష్షుకు లొంగదు. పత్తి మిల్లుల దగ్గర దూది నూగు ఫ్యాను కింద దుప్పటిలా పరుచుకుంటుంది. దులిపినా తగ్గకపోతే ప్రాసెసర్ మీది పేస్టు ఎండి ఉంటుంది, తుడిచి కొత్తది వేయాలి. అప్పటికీ వేడి గీటును తాకితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. షాపువాళ్లు 'సిస్టమ్ స్లో అయింది, వైరస్ ఏమో' అనుకునే సందర్భాల్లో కొన్ని నిజానికి ఇవే. పని నడుస్తుండగా వేడి, గిగాహెర్ట్జ్ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వేడి 100 దగ్గర ఆగి, గిగాహెర్ట్జ్ పడిపోతుంటే వైరస్ కోసం వెతకడం దండగ.

అనుమానం తీరకపోతే గోడకు ఓ మామూలు థర్మామీటరు తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసి బయోస్ తెరలో ఉష్ణోగ్రత చూడాలి. బోర్డు తయారీదారే రాసిన లెక్క కాబట్టి అది ఎక్కువగా నమ్మదగినది. గోడ మీద 42 డిగ్రీలుండగా, మామూలు ఫ్యానుతో నడిచే ప్రాసెసర్‌కు తెర మీద 36 కనబడితే అది కచ్చితంగా తప్పు అంకె. గాలితో చల్లబడే ఏ యంత్రమూ ఆ గాలి కన్నా చల్లగా ఉండలేదు.