ఐదు లీటర్ల పెట్టెలో మనిషి గొంతు

కచేరీ హాలు వెనక ఆగిన ఓబీ (బయటి ప్రసారాల) వ్యాన్‌లో సౌండ్ ఇంజనీరుకు పెద్ద స్పీకర్ పెట్టుకునే చోటుండదు. చోటున్నా వాల్యూమ్ పెంచడానికి వీల్లేదు. పక్కనే దర్శకుడు కెమెరామెన్లకు సూచనలిస్తుంటాడు. పోనీ హెడ్‌ఫోన్లతో విందామంటే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారికి ఆ ధ్వని ఎలా చేరుతుందో తెలియదు. 1970ల తొలినాళ్లలో బీబీసీ ఇంజనీర్లు ఈ చిక్కుకు విరుగుడుగా చేసిన పెట్టె పేరు ఎల్‌ఎస్‌3/5ఎ. చిన్న గదిలో, తక్కువ శబ్దంతో పాట వినాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది దీని కథే.

నిజానికి దీని మూలం వ్యాన్‌లో లేదు. ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, కింగ్స్‌వుడ్ వారెన్ అనే భవనంలో బీబీసీ పరిశోధన విభాగం ఉండేది. స్టూడియోలు కట్టకముందే వాటి ధ్వని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అక్కడివారు ఎనిమిదో వంతు నమూనాలు చేసి పరీక్షించేవారు. గది ఎనిమిదో వంతుకు తగ్గితే ధ్వని తరంగం పొడవు కూడా అంతే తగ్గాలి. అంటే పౌనఃపున్యం ఎనిమిది రెట్లు పెరగాలి. అసలు గదిలో 50 హెర్ట్జ్ స్వరం నమూనాలో 400 హెర్ట్జ్ అవుతుంది. కాబట్టి ఆ పనికి బాస్ అక్కర్లేదు, స్పీకర్ ఎంత చిన్నదైనా ఫరవాలేదు. అలా చేసిన బుల్లి స్పీకర్‌తో మామూలు కార్యక్రమాలు విని చూస్తే ఆశ్చర్యకరంగా బాగున్నాయి. దాన్ని వ్యాన్లలోకి తేవాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

మొదటి రూపం ఎల్‌ఎస్‌3/5. అందులో వాడిన కెఫ్ కంపెనీ బి110 వూఫర్ (కింది స్వరాలకు), టి27 ట్వీటర్ (పై స్వరాలకు) తయారీలో మార్పులు రావడంతో డిజైన్ మళ్లీ చేయాల్సి వచ్చింది. చివరి ‘ఎ’ అక్షరం ఆ రెండో ప్రయత్నానికి గుర్తు. హార్‌వుడ్, వాటన్, మిల్స్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1976లో దీని నిర్మాణాన్ని వివరిస్తూ నివేదిక వెలువరించారు.

పెట్టె సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 19 వెడల్పు, 16 లోతు. లోపల దాదాపు 5 లీటర్ల గాలి. ఎక్కడా రంధ్రం లేని మూసిన పెట్టె. గోడలు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్. అవి సొంతంగా మోగకుండా లోపల తారు కలిసిన పలకలు అంటించారు. ప్యానెళ్లను కలిపే పట్టీలు బీచ్ కలపవే కావాలన్నారు. మెత్తని పరానా పైన్ వాడితే ప్యానెల్ కంపనం మారి, ఆ తేడా చెవికి తెలిసిపోయింది. ట్వీటర్ చుట్టూ మందమైన ఫెల్ట్ గుడ్డ పట్టీలు అంటించారు. ట్వీటర్ నుంచి పక్కలకు పాకిన ధ్వని పెట్టె అంచులను తాకి మళ్లీ బయల్దేరితే, అసలు ధ్వనితో కలిసి దాన్ని చెరుపుతుంది. ఫెల్ట్ దాన్ని దారిలోనే పీల్చేస్తుంది. ఇంత శ్రద్ధ ఎందుకంటే బీబీసీకి గీటురాయి మనిషి మాట. తమతో రోజూ మాట్లాడే మనిషి గొంతు స్పీకర్‌లో తేడాగా పలికితే ఏ ఇంజనీరైనా ఇట్టే పసిగడతాడు.

ఈ స్పీకర్ వదులుకున్నదీ ఉంది. 70–80 హెర్ట్జ్‌కు దిగువన దీని ధ్వని త్వరగా సన్నగిల్లుతుంది. తక్కువ శబ్దంతో వినేవారికి అది పెద్ద నష్టం కాదు. కారణం మన చెవిలోనే ఉంది. బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపినట్టు, శబ్దం తగ్గేకొద్దీ చెవికి బాస్ మరీ ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుంది. 1000 హెర్ట్జ్ స్వరం రెండు మూడు డెసిబెళ్లకే వినిపిస్తే, 50 హెర్ట్జ్ స్వరం వినిపించడానికి సుమారు 44 డెసిబెళ్లు కావాలి. రాత్రి పూట మెల్లగా వినే పాటలో ఆ అడుగు స్వరాలు ఎలాగూ వినికిడి అంచునే ఉంటాయి. ఎల్‌ఎస్‌3/5ఎలో 100, 200 హెర్ట్జ్‌ల మధ్య ధ్వని కాస్త ఎత్తుగా ఉంటుంది. పురుష కంఠానికీ వాయిద్యాలకూ నిండుదనం ఇచ్చే ప్రాంతం అదే. లోతైన బాస్ లేని లోటును ఆ చిన్న ఎత్తు చాలావరకు కప్పేస్తుంది.

మన గదుల సంగతి చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు దిక్కులా అదే స్వరం పోగుపడుతుంది. ఇటుక గోడ, సిమెంటు స్లాబు బాస్‌ను దాదాపు పీల్చుకోవు. అలాంటి గదిలో పెద్ద వూఫర్లు పెడితే పాట వెనక ఎడతెగని హోరు తప్పదు. ఆ స్వరాన్ని అసలే తక్కువగా పలికే పెట్టె గదిని రెచ్చగొట్టదు.

ఇక వాట్ల మాట. ఈ స్పీకర్‌కు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో దాదాపు 83 డెసిబెళ్లు పలుకుతుంది. స్పీకర్లలో ఇది తక్కువ లెక్కే. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్లు. ఆ స్థాయిలో పాట రావడానికి వాటులో రెండువందలో వంతు చాలు. రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే యాభయ్యో వంతు. మృదంగం మీద పడే గట్టి దెబ్బ సగటు కంటే 20 డెసిబెళ్లు పైకి లేచినా రెండు వాట్లు దాటదు. మెల్లగా వినేవారు వందల వాట్ల అంకెలకు డబ్బు పోయడం వృథా.

రోజర్స్, స్పెండార్, హార్బెత్ వంటి కంపెనీలు బీబీసీ అనుమతితో దీన్ని తయారుచేశాయి. 1980ల చివర్లో 15 ఓమ్‌ల విద్యుత్ నిరోధమున్న రూపం 11 ఓమ్‌లకు మారింది. 1990ల చివర్లో కెఫ్ ఆ వూఫర్, ట్వీటర్ల తయారీ ఆపేసింది. అయినా వినేవారు దీన్ని వదల్లేదు. ఆ వూఫర్‌నూ ట్వీటర్‌నూ మొదట రూపొందించిన మాల్కం జోన్స్ స్థాపించిన ఫాల్కన్ అకౌస్టిక్స్ 2010లలో 15 ఓమ్‌ల రూపాన్ని తిరిగి తెచ్చింది.

ఇదే స్పీకర్ కొనమని చెప్పడం నా ఉద్దేశం కాదు, ధర అందరికీ అందుబాటులో ఉండదు. దాన్ని చేసినవారి పద్ధతి మాత్రం ఉచితంగా దొరుకుతుంది. దుకాణంలో గట్టిగా మోగించినది విని నిర్ణయించకండి. మీకు బాగా తెలిసిన గొంతు, ఘంటసాలదో సుశీలదో, ఇంట్లో వినే వాల్యూమ్‌లోనే పెట్టించండి. మాట స్పష్టంగా ఉందా, గొంతు ముక్కులోంచి కాక గుండెలోంచి వస్తోందా చూడండి. ఇంటికి తెచ్చాక గది మూలలకు దూరంగా, ట్వీటర్ చెవి ఎత్తున ఉండేలా పెట్టి, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో వాటికి అంతే దూరంలో కూర్చోండి. దగ్గరగా కూర్చుంటే గోడల ప్రతిధ్వని కంటే స్పీకర్ ధ్వనే ఎక్కువగా వినిపిస్తుంది. చిన్న గది సంగీతానికి లోటు కాదు. దానికి తగిన స్పీకర్‌ను ఎంచుకోకపోవడమే లోటు.