సజ్జలో నల్ల గింజ ఉందా? ఉప్పు నీళ్ళతో తేల్చుకోండి

ఏఎస్ రావు నగర్: రైతు సోదరులారా! మీరు పండించిన సజ్జలు పిండి అయి ఈ నగర దుకాణాలకూ వస్తున్నాయి. అందులో నల్ల గింజ కలిస్తే తినేవాడికే కాదు, ముందు మీ ఇంటికే ముప్పు.

పూత దశలో ముసురు పట్టి చలిగా ఉంటే సజ్జ కంకుల నుంచి తేనెలాంటి జిగురు కారుతుంది. ఇదే తేనెబంక తెగులు. దీన్నే ఎర్గాట్ అంటారు. తర్వాత గింజ ఉండాల్సిన చోట నల్లటి బూజు గడ్డ కడుతుంది. విషం ఉండేది అందులోనే.

1975లో రాజస్థాన్‌లో ఇలాంటి సజ్జలు తిన్నవాళ్ళకు వాంతులు, తల తిరుగుడు, మత్తు వచ్చాయి. ఇక్కడికి దగ్గరలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేష్ భట్‌లు దీన్ని పరిశోధించి 1976లో వివరాలు ప్రకటించారు. ఐరోపాలో రై గింజల ఎర్గాట్ వల్ల వేళ్ళు నల్లబడి కుళ్ళిపోయేవి. మన సజ్జలోది వేరే రకం ఆల్కలాయిడ్లు, వాటిని క్లావిన్లు అంటారు.

ఈ విషం ఎంత ఉందో ప్రయోగశాలలో ఎలా తేలుస్తారు? గింజల్ని పిండి చేసి, ముందు అందులోని నూనె తీసేస్తారు. అమ్మోనియా కలిపి, ఆల్కలాయిడ్లను క్లోరోఫాం వంటి ద్రావకంలోకి లాగుతారు. తర్వాత ఒక రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ముదిరిన కొద్దీ విషం ఎక్కువన్నమాట. ఆ రంగును యంత్రంతో కొలుస్తారు. ఏ ఆల్కలాయిడ్ ఎంతో విడివిడిగా చెప్పే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి.

ఎకరం, రెండెకరాల రైతు ప్రతి బస్తానీ అక్కడికి పంపలేడు కదా! దిగులు పడకండి. ఇంట్లోనే ఇలా చేయండి:

* 10 లీటర్ల నీళ్ళలో 2 కిలోల ఉప్పు కరిగించండి.
* అందులో సజ్జలు పోసి బాగా కలియబెట్టండి. నల్ల గడ్డలు, తాలు పైకి తేలతాయి.
* తేలినవి తీసి లోతుగా పాతిపెట్టండి. పశువులకు, కోళ్ళకు వేయొద్దు.
* అడుగున మిగిలిన గింజల్ని మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. విత్తనానికైతే నీడలో ఆరబెట్టండి.

చేలో జిగురు కారే కంకులు కనిపిస్తే వెంటనే కోసి తగలబెట్టండి. వేసవిలో లోతు దుక్కి చేయండి, పంట మార్చండి.

చట్టం ప్రకారం ఎర్గాట్ సోకిన గింజలు బరువులో 0.05 శాతం మించకూడదు. అంటే క్వింటాలుకు 50 గ్రాములే, గుప్పెడు గింజలన్నమాట. ఆ గుప్పెడు దాటితే కొనేవాడు వెనక్కి పంపుతాడు, తింటే రోగం. కాబట్టి అమ్మే ముందే చూసుకోండి. అనుమానం ఉంటే మీ వ్యవసాయ అధికారికి చూపించండి.